నిజ్వాలో ఒక కాపీ

వాదీ పొంగిన రాత్రి
కింది అంతస్తు బీనా టీచర్ ఇంట్ల
నీళ్లు మోకాలిదాకొచ్చి నిలబడ్డయి.
తెల్లారి ఆమె కంప్యూటర్ పెట్టెను
తడిసిన కోడిపిల్లను పట్టినట్టు పట్టుకొని
హెయిర్ డ్రయ్యర్ పెట్టింది.
పదకొండేండ్లు, అన్నది.
అంతకుమించి ఏమీ అనలేదు.

ఆ రోజునుంచే మా ఇంట్ల లెక్కలు మొదలైనయి.

రాజలింగం కాయిదం తీసిండు.
క్లౌడ్ల దాచుకుంటే నెలకు రియాలున్నర.
ఏడాదికి పద్దెనిమిది. ఆపేదెప్పుడో రాసిలేదు.
"కిరాయి కట్టని నెల
మన ఫోటోలను రోడ్డు మీద పడేస్తరా?"
అని అడిగిన,
హమ్రియాల మా పాత రూము ఓనరు యాదికొచ్చి.
ఆయనకు జవాబు తెల్వది.
నెట్టు వేగం చూసిండు:
ఉన్నదంతా పైకెక్కడానికి నలభై ఆరు రోజులట.
అన్ని రోజులల్ల ఒక మనిషికి వీసా వస్తది,
వచ్చిన మనిషికి జీతం ఆగుతది కూడా.

ఇంకో డబ్బా కొని ఇంట్లనే పెడితే?
ఒకే జేబుల రెండు పర్సులు.
దొంగకు ఒక్క చెయ్యి చాలు.

ఏమున్నదని ఇంత భయం?
మూడొందల పన్నెండు జీబీలు.
పాస్‌పోర్టు పేజీలు, ఖాళీవి కూడా.
ఆయన బాగు చేసిన ప్రతి ఏసీకి
ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో,
రేపెవరన్న తప్పు మోపితే చూపెట్టేందుకు.
పాప హారిక మొదటి పన్ను, మసకమసకగా.
ముత్రా బజార్ల నేను బేరమాడుతుంటే
చాటుగ తీసిన వీడియో.
ఆ బేరం నేను ఓడిపోయిన.

చివరికి లింబాద్రి మతికొచ్చిండు.
నిజ్వాల ఖర్జూరం గోదాముల పని.
నూటా అరవై కిలోమీటర్లు,
మధ్యల ఏ వాదీ ఎక్కలేని కొండలు.
డబ్బా ఇరవై రెండు రియాళ్లు, ఒక్కసారే.
తాళం పదం సగం నాకు, సగం ఆయనకు.
కొట్లాడుకున్న రోజు ఎవ్వరం తెరవలేం.

లింబాద్రి రెండు నెలలకోసారి లారీతోని వస్తడు.
మా డబ్బా తీసుకపోతడు,
తన డబ్బా మాకిస్తడు.
బియ్యం బకెట్ వెనుక పెట్టిన.
అందుల ఏమున్నదో అడగలే.
వంటింటి కాంటా మీద పెట్టి చూసిన:
నూటా డెబ్బై గ్రాములు.
శుక్రవారాలు దాని మీద దుమ్ము తుడుస్త,
పక్కింటోళ్ల పిల్లకు ముక్కు తుడిచినట్టు.

గ్యాసు నింపినంక నడిపి చూడంది
రాజలింగం ఎక్కడా సంతకం పెట్టడు.
"తెరిచి చూడని కాపీ ఇటుకతో సమానం," అని
మొన్న మా డబ్బాను వాపసు తెప్పిచ్చిండు.
బిల్లులు తెరుచుకున్నయి. పన్ను తెరుచుకున్నది.
ఏసీలన్నీ వరుసగ, గోడలకు వేలాడుకుంట.
వాటి నడుమ ఒక టికెట్టు.

మస్కట్ నుంచి హైదరాబాద్. పోవుడే.
నా పేరు, పాప పేరు.

రద్దు చేసుకున్న తెల్లారే
ఇంట్ల కంప్యూటర్ల చెరిపేసిన,
చెత్తబుట్ట కూడా ఖాళీ చేసిన.
అప్పటికే ఆ డబ్బా నిజ్వాల ఉన్నది.
నేను మరిచిపోదామనుకున్నదాన్ని
ఖర్జూరం బస్తాల పక్కన
రెండు నెలలు చల్లగ కాపాడింది.

ఆయన తారీఖు చూసిండు.
ఆ వారం ఏ ఊర్ల పనిచేసిండో
వేళ్ల మీద లెక్కపెట్టుకున్నడు.
లేచిపోయి స్టవ్ మీద చాయ్ నీళ్లు పెట్టిండు.
చక్కెర వేసిండో లేదో మర్చిపోయి మళ్ల వేసిండు.

"కొత్త కాపీల ఇది ఉంచాల్నా?" అన్నడు,
నా దిక్కు చూడకుంట.

చాయ్ మరీ తియ్యగున్నది.
లింబాద్రి లారీ పొద్దుగాల ఆరింటికి.
నా సగం పదం నేను కొట్టిన.
కుర్చీల కొంచెం జరిగి
ఆయన చేతికి చోటిచ్చిన.