మాతోనా, మనతోనా

మా తాత ఆరెల సంచిల ఇప్పటికీ ఉన్నది
ఆ ఇత్తడి బిళ్ల.
నడుమ కిరీటం, చుట్టూ మాకు రాని అక్షరాలు.

దేవరకొండకు ఆమడ దూరంల మిషను బంగళా.
అందుల రీమర్ దొర.
మున్షీ దగ్గర తెలుగు నేర్చి
"నేను వచ్చితిని" అని పుస్తకం లెక్క మాట్లాడేటోడు.
యుద్ధంల సచ్చిన అన్న బెల్టు తెచ్చిండొకనాడు,
తోలు చీకిపోయింది, కొత్తది వెయ్యుమని.

మా తాత అప్పటికి మైసడు కాదు, ఇమ్మానుయేలు.
పేరు మారింది గని లంద మారలేదు.
తంగేడు చెక్కల ఊరిన తోలు తీసి
ఆరెతో పొడుస్తూ అడిగిండు:
"ఏం రాసుందయ్యా దీనిమీద?"

"దేవుడు మాతో."

ఆరె ఆగింది.
"నా పేరుకర్థం గూడ అదేనంటిరి గదయ్యా,
దేవుడు మనకు తోడని.
మాతోనా, మనతోనా?"

దొర భాషల రెంటికీ ఒకటే మాటట.
అందుల ఎవరు పడతరో, ఎవరు పట్టరో
పలికే నోటిని బట్టేనట.
తెలుగు బైబిలు రాసిన చెయ్యి ఎవరిదో గని
"మా"కున్న దీర్ఘం కోసేసి
పక్కన ఒక "న"ను కూసోబెట్టింది.

తర్వాత ఉత్తరాలొచ్చినయి.
గిలకబాయి గద్దెమీద దొర చదువుతుంటే
తాత చెప్పులు కుట్టుకుంట ఇనేటోడు.
దొర తండ్రి పాస్టరు. మంచోడే.
రాజు గద్దె దిగినప్పుడు అన్నం ముట్టనోడు.
రాజు, దున్నిన నేల, తాతల గోరీలు, లూథరు పాట
అన్నీ ఒకటే ముడి అనుకున్నోడు.
"మొరటోళ్లే, కాని దేశాన్ని నిలబెడతరు" అని రాసి
పై అధికారులకు లోబడుమన్న వాక్యం చదివి
గుడి తలుపు తీసిండు.
తర్వాతి ఉత్తరంల సిలువ పక్కన జెండా.
ఆ తర్వాతిదాంట్ల,
యూదుల ఇంట పుట్టి బాప్తిస్మం తీసుకున్న బోధకుణ్ణి
పీఠం ఎక్కనియ్యలేదట.
నీళ్లు రక్తాన్ని కడగవట.

తాత నవ్విండు.
దొరకు కోపమొచ్చింది.
"మా ఊరి బాయికాడ పుట్టిన మాట అనుకున్న దొరా,
మీ దేశం దాక నడిచిపోయిందా?"

లోబడుమన్న వాక్యం తాతకు కంఠతా వచ్చు.
గడీకి వెట్టిచెప్పులు మోసుకపోయే పొద్దున
మా ఉపదేశి గూడ అదే చదివేటోడు.

మళ్ల యుద్ధమొచ్చింది.
జర్మనీవాడని దొరను పోలీసులు లారీ ఎక్కించిండ్రు.
బెల్టు అడగలేదు.
కుట్టి అప్పటికి మూడేండ్లు.

మొన్న మా చర్చి కమిటీల
సమాధుల జాగ కాడ గోడ పెట్టాల్నని లొల్లి,
ఇటు మావోళ్లు, అటు వాళ్లోళ్లు.
నేను బిళ్ల తీసి బల్లమీద పెట్టిన.
కథంతా చెప్పేలోపే
"ఇత్తడి కిలో ఎంతుందిప్పుడు?" అన్నడు ట్రెజరర్ జకరయ్య.
ఎవరో చాయ్ తెచ్చిండ్రు.

సంచిల ఏసుకొని ఇంటికొచ్చిన.
కిరీటం అరిగిపోయింది.
చివరి మాట మాత్రం
గోరు పెడితే ఇంకా తగుల్తది.