డెబ్భై రెండో గడి దాటాక

రాత్రి పదయింది. డ్రై డాక్‌లో వెల్డింగ్ ఆగింది.
కొత్త మెషీన్ మీదికి పాత ఫోర్‌ట్రాన్ ఎక్కిస్తుంటే
కంపైలర్‌ది ఒకటే పాట:
నీరు డాట్ ఇంక్ తెరవలేను.

ఇన్‌క్లూడ్, కొటేషన్ల మధ్య ఒక పేరు,
ఆ వరసలో ఉన్నదంతా అదే.
పేరు పెట్టి పిలిస్తే మనిషి రావాల్సిందే అన్నట్టు.
ఈ కంపైలర్ చెప్పిన సందులోనే వెతుకుతుంది,
పక్కింటి తలుపు కొట్టి అడగదు.
మైనస్ ఐ, ఇంకో మైనస్ ఐ,
కొత్త ఆటోవాడికి గాజువాక సందులు చెప్పినట్టు
డైరెక్టరీలన్నీ చూపించాను. లేదు.

పెదగంట్యాడకి ఫోన్ చేశాను.
నూకరత్నం గారు రిటైరై పన్నెండేళ్లు.
"డిస్కులో ఏటుంటాదమ్మా,
ఇనప బీరువా కింద అరలో సూడు,
పచ్చగీతల కాయితం."

ఉంది.
ఉప్పుగాలికి అంచులు అప్పడంలా విరుగుతున్నాయి.
నూట నలభై వరసలు.
ఆరు గడులు వదిలి ఏడో గడి నుంచి
కాపీ పుస్తకంలో మార్జిన్ వదిలినంత బుద్ధిగా టైపు చేశాను.

డెబ్భై రెండో గడి దగ్గర కంపైలర్ చూపు ఆగిపోతుంది.
ఆ గట్టు అవతల
ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఆవిడ తెలుగు:
గెడ్డ పొంగితే నీరు తేలిక.
బకెట్టుతో నేనే తోడి తూచాను.
ఇది మార్చేముందు నన్నడుగు.
తొంభై ఆరో వరస పక్కన, ఆకలేస్తోంది.

అవి కూడా కొట్టాను, ఎందుకో.

మళ్లీ ఎర్రర్.
ఈ కొత్త మెషీన్‌కి ఎవరో
నూట ముప్పై రెండు గడులూ చదివే ఆప్షన్ పెట్టి వదిలేశారు.
ఆవిడ ఆకలి దగ్గర సింటాక్స్ తప్పట.
ఆప్షన్ తీసేశాను.
చదవకపోవడం కూడా ఒక మర్యాదే, కొన్నిచోట్ల.

ఈసారి ఆ ఒక్క వరస పక్కకి జరిగి
నూట నలభై వరసలకి చోటిచ్చింది,
బస్సులో సీటు వదిలి కుటుంబాన్ని కూచోబెట్టినట్టు.
ఇక తయారైన ప్రోగ్రాంలో
ఏది ఆవిడది, ఏది నాది, ఎవరూ విడదీయలేరు.

తెల్లారగట్ల ఆవిడే చేశారు.
"తేలిందా ఓడ?"
కాగితం మీద తేలిందండీ.
"మరి ముందు కాయితం మీదే కదా తేలాల.
గెడ్డనీటి లెక్క ఏశావా?"

వెయ్యలేదు.
కిటికీ బయట వాన మొదలైంది.
మళ్లీ కూర్చున్నాను.