గంటకోపారి

ఆగస్టు. అల్ ఖవానీజ్‌లో అర్ధరాత్రి దాటినా
తలుపు తీస్తే కళ్లద్దాల నిండా ఆవిరి.
క్లీన్‌రూమ్ లోపల మాత్రం చలి,
ఇసుక రేణువుకైనా అనుమతి పత్రం కావాలి.

బల్ల మీద వ్యోమనౌక పొట్ట విప్పుకుని ఉంది.
కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు.
నాకు జీతం మొదటి సగానికే.

నక్షత్రాల కెమెరా కంట్లో ఎండ పడితే?
తిరిగే చక్రం తిరగనని మొండికేస్తే?
ఎక్కడో పేలిన చుక్క నుంచి ఒక్క కణం వచ్చి
మెమరీలో సున్నాని ఒకటి చేసిపోతే?
ఒక్కో కీడుకీ ఒక గడి,
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.

మైథా రంగులన్నీ చూసింది.
పట్టిక అంచు దాటి, ఖాళీ బల్ల మీద వేలు పెట్టింది:
"మరి నీకు తట్టనిది?"

దానికి గడి ఉండదు.
దానికి సేఫ్ మోడ్ ఒక్కటే.
దారి తప్పావని తెలిస్తే అన్నీ ఆపెయ్,
రెక్కలు ఎండకు తిప్పుకో,
కాస్త వెచ్చదనం ఉంచుకో, ఒక చెవి ఉంచుకో.
రోజుకోసారి విను, నలభై ఎనిమిది నిమిషాలు.
బ్యాటరీ అంతకు మించి ఓర్వదు.

తీగల జడకి ముడులేస్తున్న రాజేశం
మాస్కులోంచి అన్నాడు:
"నేనొకపారి తప్పిపోయిన మేడం.
అచ్చిన కొత్తల, లహబాబ్ అవతలి సైటుల
కంపెనీ బస్సు నన్ను ఇడిసిపెట్టి పోయింది.
ఫోన్ల ఒక్క గీత చార్జింగు.
బంద్ జేసిన. గంటకోపారి తెరుసుడు,
రెండు నిమిషాలు చూసుడు, మల్ల బంద్.
వాళ్లెప్పుడు చేస్తరో నాకేమెర్క?
చేతి గడియారం సుత ఇండియా టైం మీదనే ఉండె."

నవ్వాను.
నవ్వు సగంలో ఆగింది.
మూర్ఛపోయి లేచిన నౌక గడియారం
ఏ దేశపు టైం మీద ఉంటుందో
నా పట్టికలో ఎక్కడా లేదు.
మేం పిలిచే వేళ, అది వినే వేళ
ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవచ్చు.

ఇరవై నాలుగు రెళ్లు నలభై ఎనిమిది.
బ్యాటరీకి తేడా తెలీదు.

తెల్లారేలోపు ఆ పేరా మార్చాను.
"ఆధారం" అన్న వరుస దగ్గర పెన్ను ఆగింది.
క్షేత్రానుభవం, అని రాశాను.
మైథా ఏమీ అడక్కుండా సంతకం పెట్టింది.

"ఇంతకీ ఎన్నో గంటకి దొరికావు?"

"పదకొండు" అన్నాడు, ముడి బిగిస్తూ.
"గా కత్తెర ఇటియ్యుండ్రి మేడం."