గీత మీద

పోటు తీసేసిన బురదలో
మీటరు చదరం పీవీసీ చట్రం పడేసి
మేడం అన్నారు:
"ఇందులో ఉన్నవే లెక్క. బయటివి మనవి కావు."

రాసేది నేను. తడి వేళ్ళు, మొద్దు పెన్సిలు.
నత్తలు పదకొండు.
కన్నాలు ఇరవై రెండు, ఒకటి మా శ్రీకర్ మడమది కాకపోతే.
ఎండ్రకాయ ఒకటి.
ఒంటి డెక్క పెద్దది, ఎవర్నో రమ్మన్నట్టు ఊపుతూ
సరిగ్గా గొట్టం మీద ఆగింది.
లోపలా? బయటా?

మేడం లాటిన్ పేరు చెప్పారు. రెండుసార్లు తప్పు రాశాను.
మల్లాడి భవాని నవ్వింది:
"మా అమ్మ 'పిలుపులోడు' అంటాది దీన్ని.
మా వాకిట్లోకీ వచ్చేవి."
వాకిలెక్కడే అంటే
చెయ్యెత్తి సముద్రంలోకి చూపించింది,
బస్టాపు చూపినంత మామూలుగా.
అక్కడ నురగ. ఓ బోటు.

పల్లిపాలెం వైపు నీడలు సాగేసరికి
నీళ్ళు తిరిగొచ్చాయి, చట్రం తేలిపోయింది.
అందరం అరిచాం.
భవాని లంగా ఎగ్గట్టి దిగింది.
మోకాటి లోతులో ఒకచోట
ఊరికే కాలు కాస్త ఎత్తి వేసింది,
గడప దాటినట్టు.

ఎండ్రకాయ గడిలో
సగం అని రాశాను.
మేడం ఇంకా చూడలేదు.