పాకం డబ్బా

థెబార్టన్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డు.
అందులో నాన్న, ఒక టార్చిలైటు,
దాన్ని పట్టుకోవడానికి నేను.
"కదపకే నోలా."
ఆ చలికాలమంతా ఆయన నాతో అన్న మాటల్లో
ఇదే పొడవైనది.

చక్రాలు చెల్లెలి ప్రామ్‌వి.
ఎవరూ అడగలేదు, అమ్మే ఊడదీసి ఇచ్చింది.
చెల్లెలు బతికుంటే ఇచ్చేది కాదు.
ఇంజను పోర్ట్ ఎడిలైడ్‌లో ఎవరో పడవవాడు పారేసింది.
పెట్రోలు ట్యాంకేమో పాకం డబ్బా,
ఎన్నిసార్లు కడిగినా
పెట్రోలు పోసేదాకా చీమలు వదల్లేదు దాన్ని.

అప్పటిదాకా ఆదివారమంటే
వీధి పొడుగునా టకటకమని తోసే రీలు మిషన్లు.
కికుయు గడ్డి వాటి పళ్లకి ఆనేది కాదు,
మోకాలెత్తు లేస్తే ఇక కొడవలే గతి.

నాన్న తాడు లాగాడు. ఉలుకూ పలుకూ లేదు.
పదిహేడోసారి
నీలం పొగ కక్కుకుంటూ లేచింది.
నిమ్మచెట్టు మీది మాగ్‌పైలు మళ్లీ రెండ్రోజులు రాలేదు.
"విమానం కూలిందా, క్లారీ?"
కంచె మీంచి మిసెస్ పెంగెల్లీ.

లారీ స్ప్రింగు కోసి బిగించిన ఆ బ్లేడే
మూడో వారం ఒక గులకరాయిని ఏరి
నా పిక్కలోకి కొట్టింది.
అమ్మ ఒక్క మాటా అనలేదు.
షెడ్డు తాళంచెవి ఏప్రన్ జేబులో వేసుకుంది.

తొమ్మిది రోజులు నాన్న వంటింట్లో కూర్చుని
దోమతెర తలుపు ముందుకీ వెనక్కీ ఊపాడు.
మడతబందు కిర్రు, కిర్రు.
పదో రోజు,
"మెర్ల్, కత్తి కూడా ఇలా వెనక్కి తగ్గితే?"
తిరిగే వేగమే దాన్ని చాచి నిలబెడుతుంది,
రాయి ఎదురైతే చటుక్కున ముడుచుకుంటుంది,
దాటాక మళ్లీ చాచుకుంటుంది.
ఆ ముడుచుకోవడం
మా నాన్నకి ఎప్పుడూ చేతకాలేదు.
అమ్మ తాళంచెవి బల్లమీద పెట్టింది.

తర్వాత పోర్ట్ రోడ్డులో అద్దె షెడ్డు, పన్నెండు మంది పనివాళ్లు.
లిథువేనియా నుంచి వచ్చిన వితౌతాస్ వెల్డింగు చేస్తూ
వాళ్ల భాషలో తిట్టుకునేవాడు, నాకు మూడు తిట్లు వచ్చాయి.
ప్రెస్సులో గుద్దిన ట్యాంకు వచ్చింది, డబ్బా పోయింది.
ఆరేళ్లకి సిడ్నీవాళ్లు ధర తగ్గించారు, షెడ్డూ పోయింది.
పేటెంటు కాగితం మిగిలింది.
అందులో తలుపుకీ ప్రామ్‌కీ గడి లేదు.

ఇప్పుడు మనవడు బ్యాటరీ మిషను తోస్తాడు,
చప్పుడే ఉండదు,
కోసిన గడ్డి వాసన వచ్చాకే తెలుస్తుంది నాకు.
చెయ్యి దానంతటదే పిక్క మీదికి పోతుంది.
ఏడు కుట్లు.
ఒకటి కాస్త వంకర.