పాత బాకీ

టిక్కెట్టు పదిహేను. పిల్లలకి ఐదు.
చెప్పులు బయట విడవండి, ఆయ్,
రాజావారి మీద గౌరవానికి కాదు,
గచ్చు లేచిపోతోంది.

ఈ దర్బారు హాల్లోనే పుట్టాన్నేను.
రాజు బిడ్డనేం కాను.
ఎనభై ఆరులో గౌతమి గట్టు తెగి
పొన్నలంక పొన్నలంకంతా నానిపోతుంటే
ఈ మెట్లెక్కిన నాలుగొందల మందిలో
మా అమ్మొకతి, నిండు నెలలతో.
వరండాలో గేదెలు, లోపల మేం,
గోడకి నిలువెత్తు బెల్జియం అద్దం.
అందులో చూస్తే జనం రెట్టింపు,
గంజి మాత్రం అంతే, అనేది అమ్మ.

పద్నాలుగు మెట్లలో పదకొండు మునిగాయి.
ఆ బురద గీత మీద
మ్యూజియం చేసిన ఏడు సున్నం కొట్టారు.
ముసురు పట్టిన రోజున రండి,
మళ్లీ తేలుతుంది, చూపిస్తాను.

టేకు దుంగలు భద్రాచలం అడవుల నుంచి
గోదారి మీద వాటంతటవే దిగొచ్చాయట.
"వాటంతటవే" అనే ఉంది బోర్డులో.
తెప్పల మీద నిలబడి
గెడలు వేసినవాళ్లు
బోర్డులో పట్టలేదు కాబోలు.

జమీందారీలు పోయాక ఇది తాలూకా కచేరీ.
ఆ తర్వాత ధాన్యం గోదాం.
రాణిగారి పడకగదిని
ఎలుకలు మూడు తరాలు ఏలాయి.
ఆఖరికి మనవరాలు సుభద్రాయమ్మగారు
తాతగారి పేరు గుమ్మం మీద చెక్కించి
తాళాలగుత్తి సర్కారు చేతిలో పెట్టి
కారెక్కేశారు. వెనక్కి చూళ్లేదు.
చూసుంటే ఏడ్చేవారేమో, నాకు తెలీదు.

ఇది పల్లకీ. ఇది వెండి పన్నీరుబుడ్డి.
ఈ పులికి ఒక కన్ను గాజుది,
రెండోది గోళీకాయ,
పెట్టింది మా అన్న.

ఇక్కడ కొంచెం ఆగండి.
అద్దం కింద దివాణం చిఠ్ఠా.
ప్రజోత్పత్తి నామ సంవత్సరం, కార్తీకం:
"తోటమాలి పెంకె ముసలయ్య, జీతం ఏడు రూపాయలు.
ఆపిల్ మొక్క చచ్చినందుకు మినహాయింపు రెండు.
ఇచ్చినది ఐదు."
కింద రాజావారి చేవ్రాలు.
పేజీ తెరిచి పెట్టింది ఆ చేవ్రాలు కోసం.

ముసలయ్య మా అమ్మకి తాత.
మంచు దేశపు మొక్క, గోనె చుట్టుకుని
రైల్లో వచ్చిందట రాణిగారి ముచ్చటకి.
రాజమండ్రి నుంచి ఐసు దిమ్మలు తెచ్చి
పాదులో పేర్చారట వేసవంతా.
"ఇది ఒండ్రు నేలండి, బాబూ,
దీని ఒళ్లు వెచ్చనండి,
చలి బిడ్డ దీని ఒళ్లో పడుకోదండి" అన్నాడట తాత.
రెండు రూపాయల్లో ఒకటి మొక్కకి,
ఒకటి ఆ మాటకి,
అంటారు మా ఇంట్లో.

తోటలో పాలరాతి పరి ఉంది, ముక్కు లేదు.
ఫౌంటెన్ ఉంది, కాలవ కట్టేస్తే రాదు.
ఆ మూల "రాజావారి ఆపిల్ తోట" అని రేకు ఉంది.
దాని వెనక చెట్టు పంపరపనస.
చచ్చిన మొక్క గోతిలోనే
ఎవర్నీ అడక్కుండా పాతాడు తాత.
మునిసిపల్ స్కూలు పిల్లలొచ్చి
ఆపిల్స్ ఏవండీ అంటే
అవే, అంటాను,
బుర్రంతేసి కాయలు చూపించి.

మొన్న పెద్దాఫీసరొచ్చి
వెలుతురికి సిరా వెలిసిపోతోందని
చిఠ్ఠాలో పేజీ తిప్పించాడు.
ఇప్పుడక్కడ ఏనుగు దాణా లెక్క.
అద్దం తాళం నా దగ్గరే ఉంటుంది.
తిప్పితే తిప్పగలను.
తిప్పలేదు.

రాలిన కాయలు సర్కారువి, రూలు.
అమ్మాలి, పుస్తకంలో ఎక్కించాలి.
ఎక్కించాను:
"పంపరపనస ఒకటి. ధర రెండు రూపాయలు.
జమ, పెంకె ముసలయ్య."

ఆడిట్ కుర్రాడు కళ్లజోడు తుడుచుకుని
ఎవరండీ ఈయన, అన్నాడు.
పాత బాకీ అండి, అన్నాను,
తీరిపోయింది,
సంతకం పెట్టండి.