పైవాటా ముక్కు

అక్టోబరు వాన ఇంకా మెరీనా దాటి రాలేదు,
అయనావరం గోడల్లోకి మాత్రం ముందే వచ్చేసింది.
కింది వాటా యతిరాజులు నాయుడుగారు
బీరువా తాళం తీసి కేకేశారు:
"అమ్మాయీ, ఒక్కసారి నీ ముక్కు ఇచ్చి పో."

ఆ ఏడు జ్వరం పోతూ పోతూ
ఆయన వాసనలన్నీ మూటగట్టుకుపోయింది.
మల్లెపూలూ మురుక్కాలవా ఒకటే ఇప్పుడు.
కళ్ళు మటుకు
గాల్లోకి విసిరిన మట్టిబిళ్ళను ఈనాటికీ వదలవు.
నలభై ఏళ్ళ లైసెన్సు, క్లబ్బు కప్పులు,
తన తూటాలు తనే కూర్చుకునే మొండితనం.

మందు డబ్బాలు మూడు.
స్టవ్వు ఆర్పించారు, ఫ్యాను ఆపించారు,
చేతిగాజులు తీయమన్నారు.
గాజులెందుకో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొదటి మూత తీస్తే చల్లగా, కాస్త తియ్యగా
చిన్నప్పటి ఆసుపత్రి వసారా.
బాగుందన్నాను.
రెండోది అదే వసారా, కొంచెం దూరంగా.
"బాగుందా, బాగుందనిపిస్తోందా?"
మళ్ళీ చూశాను. బాగుంది.

మూడోది పూర్తిగా తెరవకముందే
ముక్కు కొసన సూది.
పులుపు కాదు,
పులుపుకి కోపమొస్తే ఎలా ఉంటుందో అది.
తెల్లకాగితం మీద చిటికెడు ఒంచారు:
నల్లటి పలుకుల మధ్య ఇటుకరంగు దుమ్ము,
మూత లోపల పొడలు పొడలుగా తుప్పు.
ఆయన కళ్ళకూ కనిపించింది.
అయినా నావైపే చూస్తూ నిలబడ్డారు
తీర్పు నా నోటే రావాలన్నట్టు.

"పాడైంది."

బేరమాడలేదు. ఎండలో పెట్టి చూద్దామనలేదు.
డబ్బా మీద మైనపు పెన్సిలు రాత:
*వరదప్ప, నేను, సగం సగం.*
వరదప్ప ఎవరని అడిగేలోపే
నీళ్ళ బకెట్టు దగ్గరికి జరుపుకున్నారు.
"రేపు క్లబ్బువాళ్ళకి అప్పజెప్పాలి.
మంచి మందు మనం చెప్పినప్పుడు కాలుతుంది.
చెడ్డది ఎప్పుడు కాలాలో దానిష్టం."

పద్దు పుస్తకంలో రాసుకున్నారు:
మూడో డబ్బా. పాడు. సాక్షి, పైవాటా ముక్కు.

మర్నాటి పొద్దున పాల ప్యాకెట్టు తెచ్చారు.
ఆదివారం సాంబారు గిన్నె.
నిన్న సాయంత్రం మెట్ల మీద
మోచేతులు అరిగిన ఒక ఖాకీ కోటు,
ఆయన కొలతకి రెండంగుళాలు పొట్టి.
"ఇందులో ఏమన్నా మిగిలిందేమో చూడు."

నాఫ్తలీన్ ఉండలు. తుపాకి నూనె.
ఆ అడుగున ఇంకేదో, పేరు తెలీదు.

రేపు చెబుతానన్నాను.
కోటు నా దగ్గరే ఉంది.